తీగలు తెగిన వీణ

తుళ్లూరు నుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని పడమరగా పోతే పాతిక కిలోమీటర్ల లోపే పాత అమరావతి వస్తుంది. ఈ మధ్య అమరావతి అన్నప్పుడల్లా పాతదా కొత్తదా అని విడమరిచి చెప్పుకోవలసి వస్తోంది. 2015 అక్టోబరు 22న తుళ్లూరు మండలం ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగాక, ఆ పేరు ఊరి పొలిమేర దాటి చాలా పల్లెల మీదుగా పరుచుకుంది. నేను చెప్పబోయేది పాత అమరావతి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అక్కడి రాళ్ల మీద చెక్కి ఉన్న ఒక వాద్యం గురించీ, దాన్ని ఇవాళ కంప్యూటర్లో మోగించాలని చూస్తే ఎదురయ్యే చిక్కుల గురించీ.

ఆ రాళ్లలో ఎక్కువ భాగం ఇప్పుడు అమరావతిలో లేవు. కొన్ని చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అలా చెల్లాచెదురు కావడానికి ముందు జరిగిన కథ ఒకటుంది. 1790ల్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి వచ్చి అమరేశ్వరుడి గుడి దగ్గర కొత్త పట్నం కట్టించాడు. పట్నం కట్టాలంటే రాయి కావాలి. పక్కనే జనం 'దీపాలదిన్నె' అని పిలుచుకునే దిబ్బ ఉంది. తవ్వితే తెల్లటి సున్నపురాయి పలకలు, వాటి మీద బొమ్మలు. కొన్ని పలకలు గోడల్లోకీ మెట్లలోకీ వెళ్లాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. సంగతి తెలిసి కాలిన్ మెకెంజీ 1797లో వచ్చి చూసి వెళ్లాడు. 1816లో సర్వే బృందంతో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో చాలావాటిని 1859లో ఓడకెక్కించి లండన్ పంపేశారు.

పాత కట్టడంలోంచి కొత్త ఊరు లేచేటప్పుడు రాయికి రెండు గతులు పట్టాయి. గోడలో ఇరికిన రాయి కనీసం బొమ్మతో సహా మిగిలింది. బట్టీలో పడ్డది సున్నమైపోయి, ఏ ఇంటి గోడకో తెల్లదనం మాత్రం ఇచ్చింది. ఈ తేడాతో మళ్లీ పని పడుతుంది.

ఇంతకీ ఆ వాద్యం సంగతి. అమరావతి శిల్పాల్లో ఆడవాళ్లు బృందంగా కూర్చుని వాయిస్తున్న ఘట్టాలున్నాయి. వేణువు ఊదేవాళ్లు, మద్దెల కొట్టేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్య ఒకామె ఒడిలో విల్లులా వంగిన వాద్యం ఉంటుంది. కింద పడవ ఆకారంలో ఒక తొట్టి, దాని కొసనుంచి పైకి వంగి లేచిన మెడ, ఆ మెడకీ తొట్టికీ మధ్య వరసగా తీగలు. ఇప్పటి పుస్తకాలు దీన్ని హార్ప్ అంటాయి. ఆ కాలపు వాళ్లు మాత్రం దీన్నే వీణ అన్నారు.

ఇది చాలామందికి మింగుడుపడని విషయం. వీణ అనగానే మనకు సరస్వతీదేవి ఒడిలో ఉన్న పనస కొయ్య వీణే గుర్తొస్తుంది. పాత సంస్కృత, పాళీ గ్రంథాల్లో వీణ అన్నచోట చాలాసార్లు ఈ విల్లు వాద్యమే ఉద్దేశమని ఆనంద కుమారస్వామి 1930లో శిల్పాలనూ పాఠాలనూ పక్కపక్కన పెట్టి వాదించాడు. నాట్యశాస్త్రం రెండు వీణలు చెబుతుంది. చిత్రకు ఏడు తీగలు, వేళ్లతో మీటాలి. విపంచికి తొమ్మిది, కోణంతో, అంటే చిన్న పుల్లలాంటి సాధనంతో మీటాలి. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద వాయిస్తూ కనిపించేదీ విల్లు వీణే. అమరావతి స్త్రీ చేతిలోది ఈ కుటుంబానికి చెందినదే.

ఆ కుటుంబం పూర్తిగా అంతరించలేదు. బర్మాలో 'సౌంగ్' పేరుతో బతికే ఉంది. జింకతోలు కప్పిన తొట్టి, వంగిన మెడ, పదమూడు నుంచి పదహారు తీగలు. అమరావతి శిల్పాన్నీ సౌంగ్ ఫోటోనీ పక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. మధ్యప్రదేశ్‌లో గోండుల కథాగాయకులైన పర్ధానుల దగ్గర 'బీన్ బాజా' అని అయిదు తీగల విల్లు వాద్యం ఉంది. తమిళుల 'యాళ్' ఈ జాతిదే. సంగం సాహిత్యం నిండా ఉండి, ఆ తర్వాత మాయమైన ఆ వాద్యం గురించి స్వామి విపులానంద 1947లో పెద్ద గ్రంథమే రాశారు. ఈమధ్య చెన్నైలో తరుణ్ శేఖర్ అనే వాద్యనిర్మాత యాళ్‌ని మళ్లీ కొయ్యతో తయారుచేసి, ఇప్పటి పాటల్లోకి తెచ్చాడు.

మరి మన దగ్గర విల్లు వీణ ఎందుకు పోయింది? ఏడెనిమిది శతాబ్దాలు దాటాక అది శిల్పాల్లో అరుదైపోయి, దాని చోట దండం మీద తీగ బిగించి, కింద సొరకాయ బుర్ర కట్టిన వాద్యాలు కనిపిస్తాయి. పదమూడో శతాబ్దపు సంగీతరత్నాకరం ఏకతంత్రినీ కిన్నరినీ వర్ణిస్తుంది. ఇంచుమించు ఆ కాలపువాడే అయిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లు వరసపెట్టి చెబుతాడు. పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో ఇరవైనాలుగు మెట్ల వీణ స్థిరపడిందంటారు.

ఈ మార్పుకి ఒక్కటే కారణం చెప్పడం కష్టం కానీ, వాద్యం తీరులోనే ఒక జవాబు ఉంది. విల్లు వీణలో తీగకో స్వరం. ఏడు స్వరాలు కావాలంటే ఏడు తీగలు కట్టాలి. మీటాక ఆ స్వరం మోగి మోగి అణగిపోతుంది, మధ్యలో దాన్ని ఏమీ చేయలేం. సౌంగ్ వాయించేవాళ్లు బొటనవేలితో తీగను నొక్కి కాస్త శ్రుతి పెంచడం ఉంది కానీ అది కొద్దిపాటిదే. దండం మీద తీగ అలాకాదు. ఒక్క తీగ మీదే వేలు జారుతుంది. మెట్టు మీద తీగను పక్కకు లాగితే అదే మెట్టు నుంచి రెండు మూడు స్వరాలు పైకి పలుకుతాయి. స్వరానికీ స్వరానికీ మధ్య దారి దొరికింది. మన సంగీతం ఆ దారిలోకే నడిచింది. గమకం అలంకారం స్థాయి దాటి రాగానికి ప్రాణమైంది. గమకం పట్టని వాద్యం పక్కకు తప్పుకుంది.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. పాత వాద్యం ధ్వనిని సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది శాంప్లింగ్. వాయిద్యకారుడిని స్టూడియోలో కూర్చోబెట్టి ఒక్కో స్వరాన్నీ మెల్లగా, ఓ మాదిరిగా, గట్టిగా మీటించి విడివిడిగా రికార్డు చేస్తారు. ఒకే స్వరం ఒకే రకంగా మళ్లీ మళ్లీ మోగితే చెవికి యంత్రంలా తగులుతుంది కనుక ప్రతిదాన్నీ నాలుగైదు సార్లు తీసుకుంటారు. ఆ తుంపుల్ని కీబోర్డు మీటలకు అతికిస్తారు. ఆ తర్వాత ఎవరైనా, ఎక్కడైనా, మీట నొక్కితే ఆ వాయిద్యకారుడు ఎప్పుడో మీటిన మీటు పలుకుతుంది.

మీటకీ ధ్వనికీ మధ్య నడిచే భాష పేరు మిడి. 1983లో వచ్చింది, ఇంకా రాజ్యమేలుతోంది. దాని వ్యాకరణం చాలా సాదా. ఫలానా మీట నొక్కారు, ఇంత వేగంతో నొక్కారు, ఇప్పుడు వదిలేశారు. మీటలకు 0 నుంచి 127 దాకా నంబర్లు. శ్రుతిని వంచడానికి ఏర్పాటు ఉంది కానీ, మొదట్లో ఒక చానల్ మీద వంచితే ఆ చానల్లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగేవి. ఒక్కో వేలికీ విడిగా వంపు ఇచ్చే పద్ధతిని మిడి ప్రమాణంలో చేర్చుకునేసరికి 2018 వచ్చింది.

నొక్కడం, వదలడం అనే ఈ వ్యాకరణంతో మన వీణ రాయడం ఎంత కష్టమో వీణ పట్టుకున్న ఎవరినడిగినా చెబుతారు. తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, అటూ ఇటూ ఊగే కదలిక. దాన్ని మీట నంబరుగా ఎలా రాస్తాం? అందుకే కీబోర్డు మీద వాయించిన 'వీణ' వినగానే తెలిసిపోతుంది. రికార్డు చేసినది అసలైన పనస కొయ్య వీణే కావచ్చు, నాదం అచ్చంగా అదే కావచ్చు. అయినా పలికేది వీణ కాదు, వీణ గొంతుతో మాట్లాడే హార్మోనియం.

కానీ అదే కీబోర్డు ముందు అమరావతి వీణను పెట్టి చూడండి. తీగకో స్వరం, మీటకో స్వరం. మీటితే మోగుతుంది, వదిలితే అణగిపోతుంది. మిడి వ్యాకరణం దానికి కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది. అంటే, ఎవరూ వినని రెండువేల ఏళ్ల నాటి వాద్యం సాఫ్ట్‌వేర్లో సులువుగా ఒదుగుతుంది. రోజూ రేడియోలో వినే వాద్యం ఒదగదు. పాతదానికీ యంత్రానికీ పొసగదని మనం అనుకుంటాం. ఇక్కడ వ్యవహారం తలకిందులుగా ఉంది.

రెండో పద్ధతిలో రికార్డింగు ఉండదు, లెక్క ఉంటుంది. అదే 1983లో కెవిన్ కార్ప్‌లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ అనే ఇద్దరు ఒక చిన్న ఉపాయం ప్రచురించారు. సెకనుకు 44,100 కొలతల చొప్పున ధ్వని తయారుచేస్తున్నాం అనుకుందాం. 220 హెర్ట్జ్ స్వరం కావాలంటే సుమారు 200 అంకెల వరస తీసుకుని, దాంట్లో అడ్డదిడ్డంగా అంకెలు నింపాలి. అది తీగను మీటిన క్షణంలోని అలజడి. ఆ వరసను మళ్లీ మళ్లీ తిప్పుతూ, ప్రతి చుట్టులోనూ ఒక్కో అంకె బదులు దానికీ పక్కదానికీ సగటు రాస్తూ పోవాలి. అంతే. పదునైన పైస్వరాలు ముందుగా కరిగి, మెత్తటి నాదం మిగిలి, నెమ్మదిగా అణగిపోతుంది. మీటిన తీగ ఎలా అణగుతుందో దాదాపు అలాగే. తీగా లేదు, కొయ్యా లేదు, ఉన్నవి రెండు వందల అంకెలు.

ఈ దారిని ఇంకా పెద్ద ఎత్తున నడిపించారు ఐరోపాలో. 2000ల చివర్లో 'ఆస్ట్రా' అనే బృందం, ప్రాచీన గ్రీకుల ఎపిగోనియన్ అనే తీగ వాద్యాన్ని పాత బొమ్మలూ రాతల ఆధారంగా కొలిచి, దూరదూరాల కంప్యూటర్లను నెట్‌వర్కుతో కలిపి లెక్కగట్టి పలికించింది. అమరావతి వీణకూ అలా చేయొచ్చు. కానీ ఆ లెక్కలో రాయి చెప్పేది ఎంత, మనం పూరించేది ఎంత అన్నది గుర్తుపెట్టుకోవాలి. వాయిస్తున్న మనిషి ఒంటితో పోల్చి తొట్టి ఎంత ఉందో రాయి చెబుతుంది. మెడ వంపు చెబుతుంది. తీగ నరమా, పట్టా, ఎంత బిగువు, ఏ శ్రుతి అన్నవి చెప్పదు. అవన్నీ మనం ఊహించి ఇవ్వాలి. వినేవాళ్లకు మాత్రం రాయి చెప్పిందీ మనం కలిపిందీ ఒక్క ధ్వనిగానే వినిపిస్తాయి. అందుకని ఇలాంటి పునర్నిర్మాణంతో పాట చేసినప్పుడు, ఇది ఊహ అని ఒక్క మాట రాయడం మర్యాద.

లెక్కలో పట్టుబడని చిన్న వివరం వాద్యాన్ని ఎంత మారుస్తుందో మనవాళ్లకు చాలాకాలంగా తెలుసు. చిన్నప్పుడు విశాఖపట్నంలో పెరిగిన సి. వి. రామన్, 1921లో మన తంబురా, వీణల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. తీగను ఒక అనుస్వరం నిశ్చలంగా ఉండే బిందువు దగ్గర మీటితే ఆ అనుస్వరం పలకకూడదని పాశ్చాత్య ధ్వనిశాస్త్రం నియమం. తంబురాలోనూ వీణలోనూ అది పలుకుతోంది. కారణం గుర్రం. మన వాద్యాల గుర్రం కత్తివాదరలా సన్నగా ఉండదు, వెడల్పుగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. తీగ దాన్ని తాకుతూ విడుతూ ఊగుతుంది. తంబురాలో అయితే దాని కింద దూరే చిన్న నూలుపోగు నాదాన్ని వికసింపజేస్తుంది. ఆ నూలుపోగు ఎక్కడ ఆపాలో చెవి చెప్పాలి.

అదే తంబురా మన దగ్గర అన్నిటికన్నా ముందు యంత్రమైంది. 1970ల చివర బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశారు. ఇవాళ ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. దీని మీద పెద్దగా గొడవ జరగలేదు, కారణం స్పష్టమే. తంబురాది నాలుగు తీగలు వరసగా మోగుతూ ఉండే పని. అందులోనూ గమకం లేదు. యంత్రానికి అప్పగించినా పాట నిలబడింది. పోయింది మాత్రం పాటగాడి వెనక కూర్చుని తంబురా మీటుతూ సంగీతం నేర్చుకునే శిష్యుడి చోటు. దాన్నెవరూ లెక్కలో వేసుకోలేదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ సన్నాయి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఈ వాద్యాన్ని శ్రీరంగం దాకా మోసుకెళ్లాడు. నాదస్వరానికి మెట్లూ లేవు, మీటలూ లేవు. ఏడు రంధ్రాలు, పీక, ఆ పీక మీద పెదవి బిగువు, ఊపిరి. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్నదంతా ఆ పెదవిలోనే ఉంది. ఏ శాంపిల్ గంపలో వేసినా దొరకనిది అదే. అయినా ఇవాళ మన గుళ్లలో చాలాచోట్ల హారతి వేళ మోటారుతో తిరిగే డోలూ గంటా యంత్రం మోగుతుంది. పెళ్లిళ్లలో మేళం రానిచోట పెన్‌డ్రైవ్‌లోంచి గట్టిమేళం వస్తుంది. పురోహితుడు చెయ్యి ఊపుతాడు, ఎవరో పిల్లవాడు పరిగెత్తి బొత్తాం నొక్కుతాడు. చాలాసార్లు ఒక క్షణం ఆలస్యం. మేళగాడైతే పురోహితుడి చెయ్యి లేవకముందే పీక పెదవికి ఆనించి ఉండేవాడు.

ఇదంతా చూసి కలపడమే తప్పు అనుకుంటే అదీ నిలవదు. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఒకటి విడుదలైంది. తమన్ సంగీతం. మొదట దర్శనం మొగులయ్య గొంతు, ఆయన పన్నెండు మెట్ల కిన్నెర. తర్వాత స్టూడియో మోత. సంగీతరత్నాకరం చెప్పిన కిన్నరికి చుట్టమైన వాద్యం అది, వెదురు దండం, సొరకాయ బుర్రలు, మెట్లు. నాగర్‌కర్నూలు వైపు ఊళ్లలో వీరుల కథలు చెబుతూ వాయించేది, కోట్లమంది ఫోన్లలో మోగింది. మరుసటి ఏడాది మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ పాటలో మనిషి ఉన్నాడు. పేరుంది, ముఖం ఉంది, ఆయన కథ చెప్పే తీరు పాట ముందుభాగంలో అలాగే నిలిచింది. పాత పలక గోడలో ఉంది కానీ బొమ్మ చెరగలేదు.

అదే కిన్నెరను రేపెవరైనా స్వరం స్వరం తుంచి శాంపిల్ గంపలో పెడితే? ఆ వ్యాపారంలో మామూలు పద్ధతి ఏమిటంటే, వాయించినవాడికి ఆ రోజు కూలీ ఒకసారి ఇస్తారు, కొన్నవాళ్లు ఆ తర్వాత ఎన్ని పాటల్లో వాడినా మళ్లీ ఇవ్వనక్కర్లేదు. పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే 'జానపద తీగ వాద్యం' అని ఉంటుంది. కథ ఉండదు. అప్పుడు మిగిలేది సున్నం. పాటకు ఒక రంగు వస్తుంది, ఆ రంగు ఎవరిదో ఎవరికీ తెలియదు.

అందుకని నాకు అనిపించేది ఇది. చచ్చిపోయిన వాద్యానికి సాఫ్ట్‌వేర్ ఒక గూడు. అమరావతి వీణ వాయించే చెయ్యి ఎక్కడా లేదు, ఆ ధ్వని తయారుచేస్తే పోయేదేమీ లేదు, చెప్పి చేస్తే చాలు. బతికున్న వాద్యం విషయంలో అలా కాదు. అక్కడ నాదం ఒక్కటే రికార్డు చేసి చెయ్యిని వదిలేస్తే, ఓ తరం తర్వాత ఆ నాదాన్ని ఎలా కదిలించాలో చెప్పేవాళ్లుండరు. సన్నాయిని, కిన్నెరను, జముకును రికార్డు చేయాలి, తప్పకుండా చేయాలి. కానీ విడి స్వరాలుగా కాదు. రాగం రాగంగా, కథ కథగా, చేతివేళ్లు కనిపించేలా, వాయించినవారి పేరుతో, వారి షరతులతో చేయాలి. కొత్త అమరావతిలో మ్యూజియాలూ సంస్థలూ కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, రాతి వీణకు త్రీడీ బొమ్మ చేయించే ముందు కరవది, చిలకలూరిపేట వైపు ఇంకా సన్నాయి ఊదుతున్న ఇళ్లకు ఒకసారి వెళ్లిరావడం మంచిది.

గుత్తిల జాతకం అని ఒకటుంది. అందులో బోధిసత్వుడు కాశీలో ముసలి వైణికుడు. తన దగ్గరే విద్య నేర్చిన మూసిలుడు పోటీకి పిలుస్తాడు. ఓడిపోతానేమోనని గుత్తిలుడు అడవి పట్టిపోతే, శక్రుడు వచ్చి ఉపాయం చెబుతాడు. సభలో ఏడు తీగల్లో ఒకటి తెంపు, మిగిలిన వీణ అలాగే మోగుతుంది అని. గుత్తిలుడు ఒక తీగ తెంపాడు, మోగింది. శిష్యుడూ తెంపాడు, అతని వీణ మూగబోయింది. గుత్తిలుడు రెండోది, మూడోది, ఒక్కొక్కటే ఏడూ తెంపేశాడు. చివరికి ఉత్త కొయ్య మీద వాయిస్తుంటే నాదం ఊరంతా నిండింది.

తీగ లేకుండా మోగే వీణ ఇప్పుడు ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉంది. కథలో మాత్రం తీగలు తెంపింది, అంతకుముందు జీవితమంతా ఆ ఏడు తీగలూ వాయించిన మనిషి.